ఎండ ఫొటో కావాలంటే నీడను వెతకాలి: హైదరాబాద్ వేసవిపై ఒక కేస్ స్టడీ

డెస్క్ అడిగింది

పదో తరగతి పరీక్షల హడావుడి తగ్గేసరికి నాలాంటి పేపర్ ఫొటోగ్రాఫర్లకు సిటీ డెస్క్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఏటా ఒకటే మాట: "ఎండ ఫొటో ఒకటి చూడు." ఒకటి అంటే రోజుకొకటి. మార్చి చివర్లో మొదలైతే మృగశిర కార్తె వచ్చేదాకా ఆగదు. హెడ్డింగులు మాత్రం ముందే రెడీగా ఉంటాయి. భానుడి భగభగ, నిప్పుల కుంపటి, సెగలు కక్కుతున్న సూరీడు. వాటి కింద పట్టే ఫొటో పంపితే ఆ పూటకు గండం గట్టెక్కినట్టే.

ఈ నగరంలో ఎండ ఫొటోలకు ఒక ఖరారైన జాబితా ఉంది. ట్యాంక్‌బండ్ మీద మొహానికి చున్నీ చుట్టుకుని స్కూటీ నడిపే అమ్మాయిలు, జూపార్కులో పైపు నీళ్లకు తొండం ఎత్తిన ఏనుగు, పగిలిన పైపు దగ్గర కోతి, శివారు బావిలోకి దూకే పిల్లలు, చెరకురసం గ్లాసు. వీటిని చులకన చేయను. నేనూ తీశాను, మళ్లీ తీస్తాను కూడా. చిక్కంతా ఏప్రిల్ రెండో వారంలో వస్తుంది. అప్పటికి అన్ని పేపర్లలో అన్నీ వచ్చేసి ఉంటాయి. సాయంత్రం మీటింగులో "ఇది నిన్న వాళ్లు వేశారు కదా" అన్న మాట పడుతుంది.

అందుకని ఒక సీజన్‌లో మా ఇన్‌ఛార్జితో ఒక ఒప్పందానికి వచ్చాను. రోజువారీ సింగిల్, అంటే విడిగా వేసే ఒక్క ఫొటో, ఎలాగూ ఇస్తాను. దాంతోపాటు వేసవి మొత్తం ఒకే విషయం వెంట తిరుగుతాను, చివర్లో ఆదివారం పేజీకి అరపేజీ ఫొటో ఫీచర్ ఇస్తాను. విషయం: నీడ. ఎవరికి దొరుకుతోంది, ఎవరికి దొరకడం లేదు, దానికోసం ఎవరు ఏం చేస్తున్నారు.

ఎందుకు నీడ అంటే, కెమెరాకు వేడి కనపడదు. నీడల పొడవు తప్పితే జనవరి మధ్యాహ్నం, మే మధ్యాహ్నం రెండూ ఫ్రేములో దాదాపు ఒకటే. నీలాకాశం, తెల్లబడ్డ రోడ్డు, నల్లటి నీడలు. తేడా తెలిసేది మనుషులు ఎక్కడ నిలబడ్డారన్న దాన్నిబట్టే. ఆ మాటకొస్తే వాతావరణ శాఖ చెప్పే 42 డిగ్రీలు కూడా నీడలో కొలిచినదే. గాలి ఆడే పలకలున్న తెల్లటి పెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున థర్మామీటర్ ఉంటుంది. రోడ్డు మీద ఎండలో థర్మామీటర్ పెట్టి, అది 50 దాటగానే క్లిక్‌మనిపించి పంపే ఫొటోలు కొన్ని కనిపిస్తుంటాయి. అది గాలి వేడి కాదు, ఆ థర్మామీటర్ ఎంత కాలిందో చెప్పే అంకె. బేగంపేట లెక్కల్లో హైదరాబాద్ రికార్డు 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు. ఆ మాట గుర్తుంటే ఫొటో కింద రాసే రైటప్‌లో నోరు జారం.

సిగ్నల్ దగ్గర

మొదట దొరికింది, చివరికి లీడ్, అంటే పేజీలో ప్రధాన ఫొటో, అయింది సిగ్నల్ ఫొటోనే. కంటోన్మెంట్ వైపు పెద్ద చెట్లున్న రోడ్లలో మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక చూడండి. ఎర్ర లైటు పడగానే ఏసీ కార్లు స్టాప్ లైన్ దాకా వచ్చి ఆగుతాయి. బైకులు రావు. లైనుకు చాలా వెనక, చెట్టు నీడ ఎక్కడ ముగుస్తుందో అక్కడే గుంపుగా ఆగిపోతాయి. మధ్యలో రోడ్డు ఖాళీ. ట్రాఫిక్ రూలు గీసిన గీత ఒకటి, ఎండ గీసిన గీత ఇంకొకటి. అంకెలు తగ్గుతూ పదిలోపుకు వచ్చేసరికి బైకులు మెల్లగా జరగడం మొదలవుతుంది, ఆకుపచ్చ పడేలోగా ఆ ఖాళీ పూడిపోతుంది.

కింద నిలబడి తీస్తే ఇదంతా ట్రాఫిక్ జామ్‌లా కనిపిస్తుంది. పైనుంచి చూడాలి. ఎదురుగా ఉన్న షాపు మేడ మీదకు వెళ్లాను. ఓనర్‌కు విషయం చెబితే "పేపర్లో మా బోర్డు వస్తదా?" అని అడిగాడు. రాదని చెప్పినా పైకి పంపాడు, పైగా మజ్జిగ ఇప్పించాడు. 24-70 లెన్స్ చాలు. కార్లు, ఖాళీ, చెట్టు కింద గుంపు, మూడూ ఒకే ఫ్రేములో ఉండాలి. జూమ్ చేసి గుంపు ఒక్కటే పట్టుకుంటే కథ పోతుంది. ఖాళీయే అసలు ఫొటో.

అక్కడ ఒక డెలివరీ కుర్రాడు గుర్తుండిపోయాడు. చెట్టు నీడ ఇరుకై బండి ముందు చక్రం ఎండలోనే ఉంది. హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ కాలిపోయి స్క్రీన్ మసకబారుతుంటే తన టోపీ తీసి దాని మీద కప్పాడు. తల ఎండకు, టోపీ ఫోన్‌కు. ఫోన్ ఆగిపోతే ఆర్డర్ పోతుంది, రేటింగ్ పోతుంది. మేడ దిగి వచ్చేసరికి సిగ్నల్ పడింది, అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాత వేరే చోట్ల ఇదే పని చేసేవాళ్లు బోలెడంతమంది కనిపించారు. ఒక్కసారి కన్ను పడ్డాక ఇక దాచినా దాగదు.

గొడుగు ఎవరికి

నాగోల్ దాటాక రోడ్డు పక్కన తాటిముంజలు అమ్మే ఆమె దగ్గర ఆగాను. నల్గొండ వైపు పల్లె నుంచి తెల్లవారుజామున ఆటోలో గెలలు వేసుకుని వస్తారు. పెద్ద రంగుల గొడుగు ఉంది, దాని కింద గంపలో తడిగుడ్డ కప్పిన ముంజలున్నాయి. ఆమె మాత్రం గొడుగు అవతల, కొంగు తల మీదకు లాక్కుని, కత్తితో కాయ చెక్కుతూ ఎండలో కూర్చుంది.

"అమ్మా, గొడుగు కిందికి జరగరాదే?"

"నేను జరిగితే ముంజలు ఎండల పడ్తయి బిడ్డా. ముదురుతయి. ముదిరినయి ఎవడు తింటడు?"

"ఇంకో గొడుగు?"

"ఇంకో గొడుగు పైసలు నువ్విస్తవా?" అని నవ్వింది. తర్వాత కొడుకు మీద కోపంగా ఏదో అంది. గొడుగు అద్దెది తెచ్చాడట.

ఈ ఫొటోకు ఒక చిన్న ఇబ్బంది ఉంది. మధ్యాహ్నపు ఎండ నడినెత్తిన ఉంటుంది కాబట్టి కళ్ల గుంటలు నల్లగా పడతాయి, మొహం గుర్తుపట్టలేం. ఫ్లాష్ కొట్టొచ్చు. కానీ దగ్గర నుంచి కొడితే మనిషి ఉలిక్కిపడుతుంది, ఆ తర్వాత ప్రతి క్లిక్కుకూ సర్దుకుని కూర్చుంటుంది. నేను చేసిందల్లా కింద కూర్చోవడమే. ఆమె ముందు పరిచిన తెల్లటి ప్లాస్టిక్ పట్టా మీద పడిన వెలుగు పైకి ఎగిసి మొహాన్ని నింపింది. సిమెంటు నేల, తెల్ల గోడ, ఇసుక లారీ ఏది దొరికినా వేసవిలో రిఫ్లెక్టర్‌గా పనికొస్తుంది. ఎండ శత్రువని ఫొటోగ్రఫీ పాఠాల్లో చెబుతారు, మధ్యాహ్నం కెమెరా బయటకు తీయొద్దంటారు. పేపర్ పని చేసేవాడికి ఆ సౌఖ్యం లేదు. వార్త మధ్యాహ్నమే ఉంది.

తొమ్మిదో తారీఖు, పన్నెండు దాటి పన్నెండు నిమిషాలు

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అందువల్ల ఏడాదిలో రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదుగా వెళ్తాడు. మే 9న అది మధ్యాహ్నం 12.12 ప్రాంతంలో జరుగుతుంది. నిటారుగా నిలబెట్టిన వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది. జీరో షాడో డే అంటారు. ఆగస్టులో మబ్బుల వల్ల చాలాసార్లు ఏమీ కనపడదు, కాబట్టి మాకు మే నెలదే దిక్కు.

ఆ రోజు డెస్క్ అడిగేది నీడ లేని వాటర్ బాటిల్, చుట్టూ స్కూలు పిల్లలు. అది ఇచ్చాను, వాడారు. కానీ నాకు కావలసింది వేరే. నగరంలో నీడ అత్యంత తక్కువగా ఉండే నిమిషం అది. గోడలు, స్తంభాలు, కరెంటు పోళ్లు, అపార్టుమెంట్లు, నిలువుగా ఉన్న ఏ ఒక్కటీ ఆ నిమిషాన ఎవరికీ నీడ ఇవ్వదు. అడ్డంగా పరుచుకున్నవే ఇస్తాయి. చెట్టు, గొడుగు, ఫ్లైఓవర్, మెట్రో లైను.

మెట్రో లైను కింద నీడ సంగతి ఆలోచిస్తే సరదాగా ఉంటుంది. బేగంపేట మీదుగా పోయే లైను చాలావరకు తూర్పు పడమరలుగా ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం దాని నీడ సరిగ్గా డివైడర్ మీద పడుతుంది. అక్కడ మొక్కలున్నాయి, పిల్లర్లున్నాయి, మనుషులు నిలబడే చోటు లేదు. ఫుట్‌పాత్ మీద మిర్చిబజ్జీ బండివాడికి పైన అంత కాంక్రీటు ఉండి కూడా పిసరంత నీడ రాదు. చిక్కడపల్లి, నారాయణగూడ వైపు లైను ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. అక్కడ పొద్దున నీడ పడమటి ఫుట్‌పాత్ వైపు, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు వాలుతుంది. బస్సు కోసం నిలబడేవాళ్లు పిల్లర్ నీడలో వరుసగా, ఒకరి వెనక ఒకరు నిలబడతారు. నీడ జరిగితే వరుస జరుగుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీదకు పదకొండున్నరకే చేరాను. ముందుగా వెళ్లక తప్పదు, ఎందుకంటే సమయం చాలా తక్కువ. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతాడు. మీటరు ఎత్తు కర్రకు నాలుగు నిమిషాల్లో దాదాపు రెండు సెంటీమీటర్ల నీడ మళ్లీ మొలుస్తుంది. పైనుంచి నేరుగా కిందకు చూస్తూ తీశాను. రోడ్డు దాటే మనుషులు తలలు, భుజాలు, కింద చిన్న నల్లటి మచ్చ, అంతే. మచ్చ మనిషి కంటే పెద్దది కాదు. ఒక ముసలాయన మాత్రం గొడుగు వేసుకుని దాటాడు. మొత్తం ఫ్రేములో నీడ సొంతంగా ఉన్నది ఆయనకే. ఆ ఒక్క ఫ్రేము కోసమే అంతసేపు రెయిలింగ్ పట్టుకోకుండా నిలబడ్డాను. పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

బస్టాపుల గురించి ఒక మాట. స్టీలు బస్టాపుల్లో మధ్యాహ్నం మూడు తర్వాత లోపల ఖాళీగా, వెనక జనంతో కనిపించేవి చాలా ఉన్నాయి. పడమటి ఎండ కప్పు కింద నుంచి లోపలికి కొడుతుంది. కప్పు నీడ వెనక ఫుట్‌పాత్ మీద పడుతుంది. జనం నీడ ఎక్కడుంటే అక్కడ నిలబడతారు, బస్సు రాగానే పరిగెత్తుకొస్తారు. డ్రైవర్‌కు ఎవరూ కనపడక ఆపకుండా పోతే తగువు. ఈ ఫొటో దేనికీ లీడ్ కాలేదు గానీ, రైటప్ చదివి మా ఆఫీసులోనే ఇద్దరు "మా బస్టాపూ అంతే" అన్నారు.

మొహం రానీయకు సార్

నీడ ఫొటోల్లో ఎండ ఫొటోల్లో లేని ఒక ముల్లు ఉంది. ఎండలో ఉన్న మనిషి పనిలో ఉన్నట్టు. నీడలో ఉన్న మనిషి పని ఆపినట్టు. కొండాపూర్ వైపు కట్టుబడి దగ్గర పాలమూరు నుంచి వచ్చిన కూలీలు సిమెంటు బస్తాల చాటున కూర్చుని సద్ది తింటున్నారు. కెమెరా చూడగానే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మొఖం రానీయకు సార్. మేస్త్రి చూస్తే కూసున్నరంటడు." అది వాళ్ల తిండి టైమే. అయినా పేపర్లో వస్తే అలా కనపడదు. వెనక నుంచి, సద్దిగిన్నెలు, కాళ్లు మాత్రం వచ్చేలా తీసి చూపించాను. తలూపాడు. తర్వాత ఆలోచించి అదీ పంపలేదు. ఆ బస్తాల మీద కంపెనీ పేరు, వెనక టవర్ నంబర్ స్పష్టంగా ఉన్నాయి. సైట్ గుర్తుపడితే మనిషిని గుర్తుపట్టడానికి ఎంతసేపు?

ఫ్లైఓవర్ల కింద ఆటోల్లో నిద్రపోయేవాళ్లను కూడా దగ్గరగా తీయను. అడగడానికి వీల్లేని మనిషి మొహం వాడకపోవడం నా పద్ధతి. దూరం నుంచి, వరుసగా ఆగిన ఆటోలు, బయటకు చాచిన పాదాలు చాలు. స్విమ్మింగ్ పూల్ సమ్మర్ క్యాంపుల్లో పిల్లల ఫొటోలకు తల్లిదండ్రులను అడగందే కెమెరా ఎత్తను. దీని మీద వాదనలు లేవు.

కాగితం మీదకు

నీడను తీయడం ఒక ఎత్తు, న్యూస్‌ప్రింట్ మీద బతికించడం ఇంకో ఎత్తు. ఈ కేసులో అసలు శ్రమ ఇక్కడే పడ్డాను. ఫోన్‌లో చూస్తే చెట్టు కింద బైకువాళ్ల మొహాలు చక్కగా కనిపిస్తాయి. పేపర్ మీద అదే జాగా నల్లటి ముద్ద. న్యూస్‌ప్రింట్ సిరాను అద్దుడుకాగితంలా పీల్చుకుంటుంది, చుక్క పరుచుకుంటుంది, ముదురు రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎండకూ నీడకూ మధ్య నాలుగైదు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఉన్నప్పుడు ఇది మరీ దారుణం.

అందుకని కెమెరా పట్టిన వివరమంతా కుదించకుండా ఉంచే రా ఫైల్‌లోనే తీస్తాను, ఎండ పడిన భాగం కాలిపోకుండా ఎక్స్‌పోజర్ పెడతాను. పంపేముందు నీడ భాగాన్ని స్క్రీన్ మీద కాస్త వెలిసినట్టు, చూడ్డానికి బాగోలేనంత తేలికగా లేపుతాను. మానిటర్ మీద అందంగా ఉన్న ఫొటో పేజీలో చస్తుంది. డెస్క్‌లో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ దాన్ని చూసి "ఫొటో ఫేడ్ అయింది" అని కాంట్రాస్ట్ పెంచితే కథ మొదటికొస్తుంది, కాబట్టి పేజీలు పేర్చే పేజినేషన్ వాళ్లకు ముందే ఫోన్ చేసి చెబుతాను. ఇంకో మాట, వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపాలి. మామూలు ఫొటోగా పంపితే నలిపి పంపుతుంది, మూడు కాలమ్‌లకు సాగదీస్తే గళ్లు గళ్లుగా వస్తుంది.

లెన్సుల సంగతి ఒక్క ముక్కలో: మధ్యాహ్నం దూరాన్ని దగ్గరకు లాగే 400 ఎంఎం లెన్స్ వేసుకుని ట్యాంక్‌బండ్ మీద నుంచి బుద్ధుడిని తీస్తే మెత్తగా వస్తుంది. ఫోకస్ తప్పు కాదు, మధ్యలో ఉన్న గాలి ఉడికిపోతోంది. దగ్గరకు పోవడం ఒక్కటే మందు. కెమెరా బ్యాగు బండి డిక్కీలో వదిలి టీ తాగడానికి వెళ్లకండి, గ్రిప్ రబ్బరు జిగురు వదిలి ఊడివస్తుంది. తలకు తడి రుమాలు, బ్యాగులో ఓఆర్ఎస్, జేబులో ఉల్లిగడ్డ. మూడోది పని చేస్తుందని నేను నమ్మను. ఇంట్లో పెద్దవాళ్లు నమ్ముతారు, అందుకని ఉంటుంది.

గండిపేట, జూ, చేపమందు

ఆదివారాలు వేరే పేపర్ల మిత్రులతో కలిసి తెల్లారుజామున గండిపేట వెళ్లేవాళ్లం. పనిలో పోటీ, టిఫిన్‌లో దోస్తీ. నీళ్లు వెనక్కి పోయి బీటలు వారిన నేల అందరూ తీస్తారు. ఆ బీటలు గండిపేటవా, ఇంకో చెరువువా అని రైటప్ చదివితే తప్ప తెలియదు. నీటిమట్టం గుర్తులు ఫ్రేములో ఉంటేనే అది గండిపేట వార్త. 1908 మూసీ వరదల తర్వాత కట్టి 1920లో పూర్తయిన జలాశయమిది, పూర్తి మట్టం 1790 అడుగులు. ఆ అంకెకు ఎంత దిగువన ఉందో చూపించలేని బీటల ఫొటో నా లెక్కలో అలంకారమే.

జూలో కూలర్లు, స్ప్రింక్లర్లు, వట్టివేళ్ల తడికలు ఏటా ఉన్నవే. అక్కడ నాకు నచ్చింది ఎలుగుబంటి కాదు, దాని ఎన్‌క్లోజర్‌కు నీళ్లు కొడుతూ మధ్యమధ్య పైపు తన తల మీదకు తిప్పుకున్న కీపర్. సోమవారం సెలవు, మరిచిపోయి వెళ్లొద్దు.

వేసవి అసైన్‌మెంట్లకు చివరి మెట్టు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. మృగశిర కార్తె ప్రవేశించగానే బత్తిన కుటుంబం ఆస్తమాకు ఇచ్చే చేప ప్రసాదం. కరోనా వల్ల ఆగి, 2023లో మళ్లీ మొదలైంది. దాని శాస్త్రీయత మీద ఏళ్ల తరబడి గొడవ ఉంది. ఆ గొడవ తేల్చడం ఫొటోగ్రాఫర్ పని కాదు, కాకపోతే రైటప్‌లో "నయమవుతుంది" అని రాయకుండా "నమ్మకం" అని రాయడం మన పనే. పసుపు రంగు మందు నోట్లో పెట్టిన బతికున్న కొరమీను పిల్లను గొంతులోకి తోసే క్షణం అందరూ తీస్తారు. నేను ముందు రోజు రాత్రి నుంచి షెడ్ల కింద చోటు పట్టుకున్నవాళ్ల దగ్గర తిరిగాను. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు దుప్పట్లు, ఇన్‌హేలర్లు, నీళ్ల బాటిళ్లతో హద్దులు గీసుకున్నాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు షెడ్డు బయట చోటు. వాళ్లు కొత్తగా కొన్న బకెట్లు తిరగేసి కూర్చున్నారు, తలల మీద తువ్వాళ్లు.

పేజీలో ఏం వచ్చింది

ఆదివారం అరపేజీలో సిగ్నల్ ఫొటో లీడ్, ముంజలామె దాని పక్కన, గొడుగు ముసలాయన కింద రెండు కాలమ్‌లలో. గొడుగు ఫొటోను పెద్దగా వేయాలని నేను పట్టుబట్టాను. పైనుంచి తీసిన మనుషులు చిన్నసైజులో చీమల్లా ఉంటారని నా వాదన. ఇన్‌ఛార్జి వినలేదు. "చదివేవాడికి సిగ్నల్ తెలుసు, అందులో తను ఉన్నాడు" అన్నాడు. పేజీ చూశాక ఆయన మాటలో న్యాయం ఉందనిపించింది గానీ, గొడుగు విషయంలో నా అభిప్రాయం మారలేదు. హెడ్డింగ్ మాత్రం మళ్లీ భానుడే.

ఫైళ్లన్నిటికీ చోటు, తేదీ, సమయం రాసి దాచాను. తేదీ లేకపోతే వచ్చే ఏడాది ఎవరో తీసి కొత్త ఫొటోగా వేసేస్తారు. పాతది వాడితే "ఫైల్" అని రాయాల్సిందే. ఈ పనిలో ఒక సగం ఇంకా మిగిలి ఉంది. డిసెంబరులో అదే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నుంచి, అదే మిట్టమధ్యాహ్నం, అదే లెన్స్‌తో తీయాలి. అప్పుడు సూర్యుడు దక్షిణానికి వంగి ఉంటాడు, బేగంపేట మెట్రో నీడ డివైడర్ వదిలి ఉత్తరం వైపు జరుగుతుంది. ఎవరికీ అవసరం లేని ఆ రోజుల్లో ఎంత నీడ వృథాగా పడి ఉంటుందో మే ఫొటో పక్కన పెట్టి చూపించాలని ఉంది. డెస్క్ ఒప్పుకోవాలంటే డిసెంబరులో దానికి ఏదో ఒక వార్త తగిలించాలి, అదే ఇంకా దొరకలేదు.